బటన్ నొక్కగానే దెబ్బ పడాలి!

మార్వెల్ వీరులంతా ఒకే బరిలో దిగుతున్నారు. అయినా అభిమానుల దృష్టి ఎవరు వస్తున్నారన్నదాని మీద లేదు. ఆన్‌లైన్‌లో ఎలా ఆడుతుంది, కొన్నాక ఇంకా ఎంత కట్టమంటుంది... వాళ్ల లెక్కంతా ఈ రెండింటి చుట్టూనే.

సోనీ 'స్టేట్ ఆఫ్ ప్లే' ప్రసారం 2025 జూన్ 4న అమెరికాలో మధ్యాహ్నం మొదలైంది. అది ముగిసేసరికి మన దగ్గర తేదీ మారి తెల్లవారుజాము మూడు దాటింది. నిద్ర కాచుకుని కూర్చున్నవాళ్లకు చివర్లో గిట్టుబాటైంది. కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్, స్పైడర్ మ్యాన్, స్టార్మ్, డాక్టర్ డూమ్ అచ్చం జపాన్ యానిమే బొమ్మల్లా తెరమీదకు దూకారు. గేమ్ పేరు 'మార్వెల్ టోకోన్: ఫైటింగ్ సోల్స్'. తయారీ 'గిల్టీ గేర్', 'డ్రాగన్ బాల్ ఫైటర్‌జడ్' గేములు చేసిన జపాన్ కంపెనీ ఆర్క్ సిస్టమ్ వర్క్స్. 2026లో పీఎస్5, పీసీలకు వస్తుందని ప్రకటించారు.

మార్వెల్ సినిమాలు చూసేవాళ్లు ఇంకా ఎవరెవరున్నారని అడిగారు. ఏళ్ల తరబడి ఫైటింగ్ గేములు ఆడుతున్నవాళ్ల నోట మొదట వచ్చిన మాట వేరు: 'రోల్‌బ్యాక్ ఉందా?' ఉందని తేలాక రెండోది: 'సీజన్ పాస్ సంగతేంటి?' మొదటిది ఆన్‌లైన్ ఆటను సాఫీగా నడిపే పద్ధతి, రెండోది రాబోయే ఫైటర్ల కోసం ముందే కట్టే డబ్బు. కొత్తవాళ్లకు ఇదంతా అతి అనిపించొచ్చు. పాయసం తెచ్చిపెడితే గిన్నె ఎక్కడ తోమారని అడిగినట్టు ఉంటుంది. కానీ వాళ్లు చాలాసార్లు నోరు కాల్చుకున్నారు. దానికి తేదీలతో సహా లెక్క ఉంది.

ముందు గేమ్ గురించి రెండు ముక్కలు. ఇది నలుగురికి నలుగురు తలపడే ట్యాగ్ ఫైట్. నలుగురికీ కలిపి ఒకటే ప్రాణం బార్. మొదట ఒకరు కొడుతుంటే ఒకరు సాయం చేస్తారు. ఆట ముదిరేకొద్దీ మిగతా ఇద్దరూ దిగుతారు. అంటే ఆఖరి రౌండుకు వచ్చేసరికి రెండు వైపులా కలిపి ఎనిమిది మంది, వాళ్లు విసిరే డాళ్లు, వేసే సాలెగూళ్లు, కురిపించే పిడుగులు అన్నీ తెరమీదే. చూడటానికి కన్నుల పండగ. నెట్‌వర్క్‌కు మాత్రం పెద్ద పరీక్ష.

బావా బామ్మర్దుల ల్యాగ్ పంచాయితీ

హైదరాబాద్‌లో బామ్మర్ది, డాలస్‌లో బావ. ఆదివారం పొద్దున ఇక్కడ ఒకడు, శనివారం రాత్రి అక్కడ ఒకడు కంట్రోలర్ పట్టుకుని కూర్చున్నారనుకుందాం. పది నిమిషాలు తిరక్కముందే హెడ్‌ఫోన్లో గొడవ మొదలవుతుంది. 'బావా, ల్యాగ్ కొడుతోంది! నేను అడ్డం పెట్టాను, అయినా తగిలింది.' 'ఓడిన ప్రతిసారీ ల్యాగేనా బామ్మర్దీ!'

నిజానికి ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఫైటింగ్ గేమ్ సెకనుకు 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మను ఆటగాళ్లు ఫ్రేమ్ అంటారు. ఒక ఫ్రేమ్ అంటే 17 మిల్లీసెకన్లకు కాస్త తక్కువ. ఇప్పుడొస్తున్న గేముల్లో చురుకైన చిన్న గుద్దు నాలుగు ఫ్రేముల్లో తగులుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు గీత గీసినట్టు కొలిచినా 14 వేల కిలోమీటర్లు. ఎంత ఖరీదైన ఇంటర్నెట్ పెట్టించుకున్నా అవతలి బటన్ వార్త ఇవతలికి చేరడానికి 70 మిల్లీసెకన్లు తప్పదు. నాలుగు ఫ్రేములు దాటిపోయాయి. పైగా సముద్రం కింది కేబుళ్లు తిన్నగా పోవు. మధ్యలో ఎన్నో మలుపులు, ఎన్నో మజిలీలు. అంటే బావ గుద్దు మొదలుపెట్టిన సంగతి బామ్మర్ది మెషీన్‌కు తెలిసేలోపే ఆ గుద్దు తగలాల్సిన క్షణం అయిపోయింది. అదే హైదరాబాద్ నుంచి ముంబయికైతే తిన్నగా ఆరొందల పైచిలుకు కిలోమీటర్లే. ఫ్రేమ్‌లో అయిదో వంతు చాలు.

ఈ చిక్కుకు పాతకాలం మందు డిలే. అవతలి బటన్ వార్త వచ్చేదాకా రెండు మెషీన్లూ ఆట ఆపి చూస్తాయి. దూరం పెరిగితే చేతికీ తెరకీ పొంతన ఉండదు. సాధన చేసిన కాంబోలన్నీ వృథా. రోల్‌బ్యాక్ ఎదురుచూడదు, ఊహిస్తుంది. ఎదుటివాడు ఇప్పటిదాకా ఏ బటన్ నొక్కి ఉంచాడో అదే నొక్కుతున్నాడనుకుని ఆటను నడిపించేస్తుంది. అసలు వార్త వచ్చాక ఊహ నిజమైతే సరే. తప్పైతే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, సరైన బటన్‌తో ఆ ముక్కను మళ్లీ ఆడించి, ఇప్పటి క్షణానికి తెచ్చి వదులుతుంది. ఇదంతా ఒక్క ఫ్రేమ్ వ్యవధిలో. మనిషి ఎంత వేగంగా ఆడినా సెకనుకు 60 సార్లు మనసు మార్చుకోలేడు కాబట్టి ఊహ చాలావరకు నిజమవుతుంది. తప్పినప్పుడు మాత్రం ఎదుటివాడు ఉన్నచోటు నుంచి చిన్న గెంతు గెంతినట్టు కనిపిస్తాడు. బామ్మర్ది 'అడ్డం పెట్టాను' అన్నది అతని తెరమీద నిజమే. సవరించిన లెక్కలో ఆ గుద్దు ముందే తగిలింది.

మళ్లీ ఆడించడంలోనే టోకోన్‌కు పరీక్ష. అయిదారు ఫ్రేములు వెనక్కి వెళ్తే, ఎనిమిది మంది ఎక్కడున్నారు, ఎవరి డాలు ఎటు తిరుగుతోంది అన్న లెక్కలన్నీ రెప్పపాటు కంటే తక్కువ సమయంలో అయిదారుసార్లు తిరగదోడాలి. ఒకరితో ఒకరు కొట్టుకునే గేముల్లో రోల్‌బ్యాక్ చేసి చూపిస్తే సరిపోదు. నలుగురూ బరిలో ఉన్న ఆఖరి రౌండు ఎలా నడుస్తుందో చూశాకే మాట్లాడాలని అభిమానులు పట్టుబడుతున్నది అందుకే.

ఇరవై ఏళ్ల పాత కిటుకు

రోల్‌బ్యాక్ కొత్త విద్య కాదు. 2006లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2 హైపర్ ఫైటింగ్' ఆన్‌లైన్ ఆట చూసి ఒళ్లు మండిన టోనీ క్యానన్, జీజీపీఓ అనే ప్రోగ్రాం రాశాడు. లాస్ వేగస్‌లో జరిగే ఈవో టోర్నమెంటు స్థాపకుల్లో అతనూ ఒకడు. 2012లో 'స్కల్‌గర్ల్స్' లాంటి చిన్న గేములు దాన్ని వాడి పేరు తెచ్చుకున్నాయి. 2019లో ఆ కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేశాడు. అయినా జపాన్ కంపెనీల్లో చాలావాటికి చీమకుట్టినట్టయినా లేదు. టోక్యో నుంచి ఒసాకాకు 400 కిలోమీటర్లే, ఇంటింటికీ మంచి ఫైబర్. వాళ్ల ఇంట్లో అంతా బాగానే ఉంది మరి.

కోవిడ్ వచ్చి ఆ ధీమాను కూల్చేసింది. 2020లో ఈవోను ఆన్‌లైన్‌కు మార్చాలనుకున్నప్పుడు, నెట్‌లో ఆడదగ్గ గేములేవన్న ప్రశ్న ఎదురైంది. స్కల్‌గర్ల్స్, కిల్లర్ ఇన్‌స్టింక్ట్, మోర్టల్ కోంబాట్ 11 లాంటి రోల్‌బ్యాక్ గేములను జాబితాలో చేర్చారు. 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' తప్పుకుంది. ఆ టోర్నీ తరవాత వేరే కారణాలతో రద్దయినా, జరగాల్సిన అవమానం అప్పటికే జరిగిపోయింది.

ఆర్క్ సిస్టమ్ వర్క్స్‌ను ఈ విషయంలో మెచ్చుకోవాలి, అనుమానించాలి కూడా. 2021 ఫిబ్రవరిలో జరిగిన బీటాలో, అంటే విడుదలకు ముందు పరీక్షలో, 'గిల్టీ గేర్ స్ట్రైవ్' లాబీలను (ఆటగాళ్లు కలుసుకునే చోట్లను) అభిమానులు దుమ్మెత్తిపోస్తే ఏప్రిల్‌లో రావాల్సిన గేమ్‌ను జూన్ 11కు వాయిదా వేసింది. వచ్చాక మ్యాచ్ మాత్రం వెన్నలా నడిచింది. ఖండాలు దాటి ఆడినవాళ్లు కూడా ఔరా అన్నారు. కానీ మ్యాచ్ దాకా చేరడమే గగనమైంది! గేమ్ తెరిచాక మెనూ రావడానికి కొన్నిసార్లు నిమిషాలు పట్టేది. సర్వర్‌ను ఒక్కో చిన్న సమాచారం అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం, మళ్లీ ఇంకోటి అడగడం. జపాన్‌కు దూరంగా ఉన్నవాళ్లకు ఆ రాకపోకలన్నీ కలిసి కొండంత అయ్యేవి. చివరికి పీసీలో ఒక అభిమాని చిన్న ప్రోగ్రాం రాసి ఆ నిరీక్షణను చాలావరకు తగ్గించాడు. కంపెనీ చేయాల్సిన పని ఇంట్లో కూర్చున్న కుర్రాడు చేశాడన్నమాట.

ఇలాంటిది ఇంకొకటీ ఉంది. క్యాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 5' 2016 ఫిబ్రవరిలో వచ్చింది. రోల్‌బ్యాక్ ఉందని చెప్పారు, ఉంది కూడా. కానీ ఇద్దరి గడియారాలనూ సరిగ్గా కలపలేదు. ఒకరికి ఆట సాఫీగా సాగుతుంటే రెండోవాడికి తెరంతా గెంతులే. నాలుగేళ్లు ఇదే తంతు. 2020 జనవరిలో ఒక అభిమాని దానికి సొంతంగా మరమ్మతు చేసి పీసీ ఆటగాళ్లకు ఇచ్చాడు. తరవాతి నెలలో క్యాప్‌కామ్ కూడా అధికారికంగా సవరణ విడుదల చేసింది. అందుకే ఇప్పుడు పెట్టె మీద 'రోల్‌బ్యాక్' అని రాస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. అది ఎలాంటి రోల్‌బ్యాక్ అని అడుగుతారు.

టోకోన్‌కు 64 మంది పట్టే లాబీలు ఉంటాయని ముందే చెప్పారు. బాగానే ఉంది. అభిమానులు కోరుతున్నవి అంతకంటే చిన్నవి, అంతకంటే అవసరమైనవి. ఎదుటివాడు వైఫై మీద ఉన్నాడో లాన్ వైరు మీద ఉన్నాడో మ్యాచ్ ఒప్పుకునే ముందే కనిపించాలి. ఓడిపోతున్నప్పుడు కేబుల్ పీకేసేవాళ్లకు శిక్ష ఉండాలి. ప్రత్యర్థి కోసం ఎదురుచూస్తూ సాధన చేసుకునే వీలుండాలి. ఓడితే అదే మనిషితో మళ్లీ ఆడే బటన్ ఒక్కటి, లోడింగ్ లేకుండా. ఇవన్నీ వేరేవాళ్లు ఎప్పుడో చేసి చూపించినవే.

ఆలూ లేదు, చూలూ లేదు...

ఇక రెండో పద్దు. ఇక్కడ నాది అభిమానుల పక్షమే గానీ పూర్తిగా కాదు. తొంభైల్లో మన పట్టణాల వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ల వేస్తే స్ట్రీట్ ఫైటర్‌లో ఉన్న అందరూ మనవాళ్లే. ఎవరినైనా ఎంచుకోవచ్చు. ఆ రోజులే మేలని నిట్టూర్చేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. అప్పుడు ఇంట్లో కేసెట్ కొన్నవాళ్ల పరిస్థితి వేరు. 1991 నుంచి 1994 దాకా స్ట్రీట్ ఫైటర్ 2 ఒక్కటే అయిదు అవతారాలెత్తింది. నలుగురు కొత్త ఫైటర్లు కావాలంటే గేమ్ మొత్తం మళ్లీ కొనాల్సిందే. ఆ లెక్కన కావాల్సిన ఫైటర్‌ను విడిగా కొనుక్కునే డీఎల్‌సీ పద్ధతి నయమే. కొత్త ఫైటర్ వచ్చిన ప్రతిసారీ చల్లబడిన గేమ్‌కు మళ్లీ జనం వస్తారు. అయిదారేళ్లపాటు గేమ్‌ను సరిదిద్దుతూ ఉండాలంటే కంపెనీకి డబ్బు రావాలి. ఇందులో తప్పు లేదు.

తప్పు మొదలయ్యేది దాచిపెట్టడం దగ్గర. 2012 మార్చిలో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' డిస్కులో 12 మంది ఫైటర్లు అప్పటికే తయారై కూర్చున్నారు. ఔత్సాహికులు డిస్కు తవ్వి బయటపెట్టారు. కొన్న డిస్కులోనే ఉన్నవాళ్లను బయటికి రప్పించడానికి మళ్లీ డబ్బు అడగడం! ఆ చెడ్డపేరు ఇప్పటికీ వదల్లేదు. అంతకుముందు ఏడాదే 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3' ఫిబ్రవరిలో వచ్చింది, నవంబరులో 'అల్టిమేట్' పేరుతో కొత్త డిస్కు వచ్చేసింది. తొమ్మిది నెలల్లో పాతది పాతబడిపోయింది.

2017లో వచ్చిన 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్: ఇన్ఫినిట్' కథ మరీ విచారకరం. 30 మందితో వచ్చిన ఆ గేమ్‌లో ఎక్స్‌మెన్ వీరుడు ఒక్కడూ లేడు. వోల్వరిన్ లేడు, మాగ్నెటో లేడు, స్టార్మ్ లేదు. బ్లాక్ పాంథర్ కథలో కళ్లముందే తిరుగుతుంటాడు, అతనితో ఆడాలంటే మాత్రం విడిగా కొనాలి. ఆరుగురు డీఎల్‌సీ ఫైటర్లతో సరిపెట్టి చేతులు దులుపుకున్నారు. మరుసటి ఏడాది ఈవో జాబితాలో దాని పేరే లేదు. ఆ గేమ్‌ది మంచి రోల్‌బ్యాకే. ఆడేవాళ్లు లేకపోతే రోల్‌బ్యాక్ ఏం చేస్తుంది? టోకోన్ తొలి ట్రైలర్‌లోనే స్టార్మ్ కనిపించినప్పుడు వచ్చిన కేరింతలకు అర్థం ఇదే.

మార్వెల్ గేములకు ఇంకో శాపం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బొమ్మలు ఒకరివి, గేమ్ ఇంకొకరిది. మధ్యలో ఉండేది లైసెన్సు ఒప్పందం. 2013 డిసెంబరులో అది ముగియగానే 'మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2'తో పాటు 'అల్టిమేట్ 3' డీఎల్‌సీ కూడా ఆన్‌లైన్ దుకాణాల నుంచి మాయమైపోయాయి. రెండోది మూడేళ్లకు కొత్త కన్సోళ్ల మీదకు తిరిగొచ్చింది. మొదటిదాన్ని విడిపించండంటూ అభిమానులు ఉద్యమమే చేశారు. 2024 సెప్టెంబరులో పాత ఆర్కేడ్ గేముల సంపుటిలో భాగంగా అది రోల్‌బ్యాక్‌తో సహా మళ్లీ చేతికొచ్చేసరికి పదేళ్లు దాటింది. మరి టోకోన్‌లో కొన్న ఫైటర్ ఎన్నేళ్లు మనవాడు? ఈ ప్రశ్నకు ఏ ట్రైలర్‌లోనూ జవాబు ఉండదు. సోనీ, మార్వెల్ కలిసి ముందే చెప్పాల్సిన మాట ఇది.

ఇక చిల్లర దోపిడీల చిట్టా చాలా పెద్దది, రెండు చాలు. టెక్కెన్ 7లో ఏ దెబ్బ ఎన్ని ఫ్రేములు తీసుకుంటుందో చూపించే పట్టికను 2019లో విడిగా అమ్మారు. ఆట నేర్చుకోవడానికే టికెట్టన్నమాట. స్ట్రీట్ ఫైటర్ 6లో 2023లో నింజా తాబేళ్ల దుస్తులు పెట్టారు. నాలుగూ కొంటే దాదాపు 60 డాలర్లు, అంటే ఆ గేమ్ మొత్తం ధర! అదీ నేరుగా డబ్బుతో కాదు, ముందు నాణేలు కొనాలి. ఆ నాణేల ప్యాకెట్లు దుస్తుల ధరకు సరిగ్గా సరిపోవు, ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. మిగిలినవి ఖర్చుపెట్టడానికి ఇంకొన్ని కొంటాం. దుస్తులు లేకపోయినా ఆటకు లోటు లేదు, నిజమే. కానీ ఆ మిగులు లెక్క తెలియక జరిగింది కాదు.

అందుకే టోకోన్ డీఎల్‌సీ మీద అభిమానుల కోరికలు ఇప్పుడు పద్దు రాసినట్టు స్పష్టంగా ఉన్నాయి. మొదటిరోజే తయారుగా ఉన్న ఫైటర్‌ను పక్కన దాచొద్దు. ఏడాదికి ఎంతమంది వస్తారో, ఏ నెలల్లో వస్తారో చెప్పండి. ధర రూపాయల్లో చూపించండి, నాణేల్లో కాదు. అన్నిటికంటే న్యాయమైన కోరిక ఒకటుంది: కొనకపోయినా ప్రతి డీఎల్‌సీ ఫైటర్‌నూ సాధన మోడ్‌లో ఎదుర్కొనే వీలివ్వండి. ర్యాంక్డ్ మ్యాచ్‌లో ఎదురొచ్చే శత్రువు ఎలా కొడతాడో తెలుసుకోవడానికి డబ్బు కట్టాల్సి రావడం ఆటకే అన్యాయం. స్ట్రీట్ ఫైటర్ 6 కొత్త ఫైటర్లను కాసేపు అద్దెకిచ్చి ఈ దారిలో ఒక అడుగు వేసింది. టోకోన్ రెండో అడుగు వేస్తే బాగుంటుంది.

వీటికి జవాబులు రాకముందే ఖరీదైన ఎడిషన్లు, సీజన్ పాస్‌లు అమ్మడం ఈ రంగంలో రివాజు. అందులో ఎవరొస్తారో తెలియదు, ఎలా ఆడతారో తెలియదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మన లెక్క వేరు

ఆన్‌లైన్ గేమ్‌కు ప్రాణం దగ్గర్లో ఉండే ప్రత్యర్థులు. ఇండియాలో ఫైటింగ్ గేములు ఆడేవాళ్లు మొబైల్ గేమ్ బీజీఎంఐ ఆడేవాళ్లతో పోలిస్తే పిడికెడు. ఉన్నవాళ్లలో కొందరు పీఎస్5, కొందరు పీసీ. ఈ రెండూ కలిసి ఆడే క్రాస్‌ప్లే ఉంటేనే విశాఖలో రాత్రి పదకొండుకు కూర్చున్నవాడికి మ్యాచ్ దొరుకుతుంది. ప్రకటన వచ్చిన కొత్తలో పీసీ గేముల దుకాణం స్టీమ్‌లోని టోకోన్ పేజీలో, సోనీ ఆన్‌లైన్ సేవ పీఎస్ఎన్ ఖాతా తప్పనిసరని కనిపించి అభిమానులు భగ్గుమన్నారు. మన దేశంలో పీఎస్ఎన్ ఉంది కాబట్టి మనకేం కాదని ఊరుకోవడానికి లేదు. ఆ సేవ అధికారికంగా లేని దేశాల్లో పాకిస్థాన్ ఒకటి. టెక్కెన్‌లో ప్రపంచాన్ని గెలిచిన అర్సలాన్ యాష్ లాంటివాళ్లు పుట్టిన గడ్డ అది. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2'కు ఇదే షరతు పెట్టబోయి, జనం తిరగబడితే సోనీ కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అంటే అడిగితే వింటారు.

మనల్ని లెక్కలోకి తీసుకోవడానికి ఇప్పుడు కారణాలూ ఉన్నాయి. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీ. ఇండియా నుంచి ఇద్దరు బరిలో దిగారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకు అప్పుడు 44 ఏళ్లు, 'ఈ వయసులో గేములేంటి' అనే ఇంటివాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. మరింత పెద్ద సంగతి 2025లో జరిగింది. ఈవోలో సోనీకి ఉన్న వాటాను గురుగ్రామ్ కేంద్రంగా నడిచే నాడ్విన్ గేమింగ్ కొనేసింది. ప్రపంచ ఫైటింగ్ గేముల జాతరలో మన దేశపు కంపెనీ భాగం కొన్నాక, మన దేశపు ఆటగాడికి పది నిమిషాలు ఎదురుచూసినా మ్యాచ్ దొరకకపోతే బాగుండదు.

పీఎస్5 మీద ఆన్‌లైన్ ఆడాలంటే గేమ్ ధరకు తోడు పీఎస్ ప్లస్ చందా కూడా కట్టాలని మరవొద్దు. పీసీలో ఆ చందా ఉండదు. ఇంట్లో రెండూ ఉన్నవాళ్లు ఆ తేడా చూసుకుని కొనడం మంచిది.

2025 సెప్టెంబరు 5 నుంచి 7 వరకు పీఎస్5 మీద టోకోన్ మూసిన బీటా జరిగింది. ఎంపిక చేసినవాళ్లతో మూడు రోజులు ఆడించినంత మాత్రాన సర్వర్ల బలం తేలదు. జనం మొత్తం ఒకేసారి పోటెత్తే తొలి వారమే అసలు పరీక్ష. కాబట్టి ముందస్తు బుకింగ్ ఆఫర్ చూసి తొందరపడకండి. అందరికీ తెరిచిన బీటా గానీ డెమో గానీ వస్తే వైఫై కట్టేసి, లాన్ వైరు పెట్టి, మన దేశంలోని వాడితో ఒక మ్యాచ్, సింగపూర్ వాడితో ఒక మ్యాచ్, వీలైతే డాలస్ బావతో ఒక మ్యాచ్ ఆడండి. నలుగురూ దిగిన ఆఖరి రౌండులో కూడా బటన్ నొక్కగానే దెబ్బ పడితే గేమ్ కొనండి. సీజన్ పాస్ మాత్రం మొదటి డీఎల్‌సీ ఫైటర్ వచ్చి, అతనితో మీరు ఆడాలనుకుంటున్నారో లేదో తేలాకే.